ముప్ఫై తొమ్మిదో పాసుబుక్కు

శనివారం పొద్దున తొమ్మిదింటికి తోమా రెండో విడత టీ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి, ముత్తన్న అప్పటికే మూడో నంబరు కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. తలకు నూనె రాసి పాపిట తీశాడు. చెవుల వెనక మాత్రం రాత్రి డ్యూటీలో పడిన సిమెంటు బూడిదరంగుగా ఇంకా అంటుకునే ఉంది. ఏసీ చలికి చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డవాడు తోమా కనపడగానే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"నెల నిండింది తోమన్నా! అందరికన్న ముందుగాల నన్ను తోలిండ్రు. నాకిచ్చిండ్రంటే మిగిలినోళ్ళు మాపటీలి నుంచే లైను కడుతమంటున్నరు."

తోమా బహ్రైన్‌లోని ఆ బ్యాంకులో ఫరాషు. టీలు అందించడం, ఫైళ్ళు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మొయ్యడం, అద్దాలు తుడవడం అతని పని. హాలు మధ్యలో నిలబెట్టిన నిలువెత్తు పోస్టరును కూడా రోజూ అతనే తుడుస్తాడు. దాని మీద దుప్పటంత ఐదు దినార్ల నోటు బొమ్మ. ముప్ఫై దినార్లతో ఖాతా తెరిచి నెల రోజులు ఉంచినవారికి ఐదు దినార్లు బహుమానమని అరబ్బీలో, ఇంగ్లీషులో, హిందీలో, మలయాళంలో పెద్దపెద్ద అక్షరాలు. తోమా హిందీ కూడబలుక్కుని చదివాడు. చదివి, నయీమ్ పేటలో తన గది ఉన్న సందు చివర, ముత్తన్న వాళ్ళ కంపెనీ క్యాంపుకు వెళ్ళి చెప్పాడు. తోమా బ్యాంకు మనిషి కాబట్టి ముప్ఫై ఎనిమిది మంది మారుమాటాడకుండా నమ్మారు. అప్పటిదాకా జీతం డబ్బులు పెట్టుకున్న పాత బ్యాంకుల్లోంచి తీసి ఇక్కడికి తెచ్చారు.

కౌంటరు అవతల సోమేశ్వరరావు ఖాతా కార్డు బయటికి లాగి, వేలితో పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. అతనిది తెనాలి వైపు. కొత్త ఖాతాలు ఎక్కువ చేర్పించినందుకు హెడ్డాఫీసు వాళ్ళు బహూకరించిన చేతి గడియారం మణికట్టు మీద మెరుస్తోంది.

"ఈ నెల పదకొండున నీ ఖాతాలో పది దినార్లే ఉన్నాయి" అన్నాడు.

"అవు సారు. ఇంటికి నలభై దినార్ల డ్రాఫ్టు తీసిన. మీరే రాసిచ్చిండ్రు గద?"

"రాసిచ్చాను. నెలలో ఏ రోజూ నిలవ ముప్ఫైకి తగ్గకూడదు. తగ్గితే బహుమానం లేదు. రూలు."

"గట్లని ఎవ్వలు జెప్పలె."

"పోస్టరు మీద ఉందయ్యా. వెళ్ళి చూసుకో."

ముత్తన్న చూశాడు. తోమా కూడా ట్రే చేత్తో పట్టుకునే వెళ్ళి వంగి చూశాడు. అన్నిటికన్నా అడుగున, ఇంగ్లీషులో మాత్రమే, చీమల బారులాగా ఒక వరస ఉంది. నెల రోజులుగా తడిగుడ్డ పెట్టి ఆ వరసను రోజూ తుడిచింది తోమానే. అది అక్షరాలనిగానీ, అంచుకు వేసిన గీత కాదనిగానీ అతనికి ఎన్నడూ తట్టలేదు.

"అంటే మావోళ్ళల్ల ఎవ్వలకు రాదా?" అన్నాడు ముత్తన్న. జీతం రాగానే ఇంటికి డ్రాఫ్టు తియ్యని మనిషి ఆ క్యాంపులో లేడు.

ముత్తన్న గొడవ చెయ్యలేదు. కాసేపు పోస్టరు వంక, కాసేపు తోమా వంక చూసి, "సరే తియ్యన్నా, పోతున్న" అన్నాడు. బయటికి తొయ్యవలసిన అద్దాల తలుపును రెండుసార్లు లోపలికి లాగి, మూడోసారి వేరెవరో తోస్తే వాళ్ళ వెనకాలే వెళ్ళిపోయాడు.

తోమా చల్లారిన టీలు పంచడం మొదలుపెట్టాడు. మూడో కౌంటరు దగ్గరికి రాగానే సోమేశ్వరరావు అతని ముందుకు ఒక కవరు తోశాడు.

"ఇదుగో నీది. నీ ఖాతా తగ్గలేదు. ఇక్కడ సంతకం పెట్టు."

భార్య ఎస్తేరు రెండేళ్ళుగా కూడబెట్టిన డబ్బుతో తోమా కూడా వాళ్ళతోపాటే ఖాతా తెరిచాడు, అది కదలకుండా ఉండడం వల్ల నిలవ డెబ్భై దాకా ఉంది. అతను ఒక చేత్తో ట్రే పట్టుకుని, ఇంకో చేత్తో సంతకం పెట్టాడు.

"నీది నీకొచ్చింది కదా" అన్నాడు సోమేశ్వరరావు, గొంతు తగ్గించి. "ఆ క్యాంపు వాళ్ళను ఎగదొయ్యకు. పెద్దసారు దాకా పోతే నీకే ఇబ్బంది."

"ఆయ్" అన్నాడు తోమా. ఆ మాట ఎందుకన్నాడో ఆ తర్వాత రోజంతా ఆలోచించాడు.

ఎస్తేరు జుఫైర్‌లో ఒక హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి తోమా అన్నం వండి, మూత పెట్టి, దాని ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. కవరు ఉప్పు డబ్బా పక్కన ఉంది. ఎస్తేరు దాన్ని విప్పి, నోటు చూసి, మొగుడి మొహం చూసింది.

"ఐదు దినార్లొత్తే ఇలాగ కూకున్నావేంటయ్యా? పోతే ఎలాగ కూకుంటావు?"

అతను జరిగింది చెప్పాడు.

"అయితే ముప్పై తొమ్మిది మంది పరీచ్చ రాత్తే నువ్వొక్కడివే పాసయ్యావన్నమాట."

"నవ్వులాటలా ఉందా నీకు? రేపు ఆ సందులోంచి ఎలా నడవను? నాకొద్దండీ అని తిరిగిచ్చెయ్యబోయాను. తీసుకోలేదు."

"ఏం?"

"వెనక్కి తీసుకునే ఫారం లేదంట."

ఎస్తేరు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మంచం మీద కూలబడింది. తోమాకు మొదట కోపం వచ్చింది, కాసేపటికి అతనికీ నవ్వొచ్చింది. నవ్వు సద్దుమణిగాక ఆవిడ తన సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన రంగుకాయితం ఒకటి తీసింది.

"మీ బ్యాంకుకి ఎదురుగా కొత్తది ఎట్టారు సూడు, ఆళ్ళు నిన్న మా హోటల్లో మీటింగెట్టుకున్నారు. కుర్చీల మీద ఇయ్యి వదిలేసెళ్ళిపోయారు. బొమ్మ బాగుందని తెచ్చాను. ఇందులోనూ నోట్లే ఉన్నాయి."

తోమా కాయితం తీసుకుని, నోట్ల బొమ్మ వైపు చూడకుండా తిరగేసి, బల్బు దగ్గరగా పెట్టి, అంచుల వెంట కళ్ళు చికిలించి చూడసాగాడు.

"ఏం ఎతుకుతున్నావు?"

"చీమల్ని" అన్నాడు తోమా.

ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ళ ప్రార్థన ముగిశాక, అందరూ చాపలు చుడుతుండగా, తోమా ఆ కాయితాన్ని సమూయేలు గారి చేతికిచ్చాడు. సమూయేలు గారు ఒక ఓడల కంపెనీలో టైపిస్టు. ప్రార్థనలో వాక్యం చదివేది ఆయనే. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ట్యూబులైటు కిందికి జరిగి, వాక్యం చదివే గొంతుతోనే అందుకున్నారు.

"వేరొక బ్యాంకులో తమ ఖాతాను మూసివేసి, ఆ పాసుబుక్కును తీసుకొని మా యొద్దకు వచ్చు ప్రతివానికిని నాలుగు దినార్లు, ఖాతా తెరిచిన దినముననే చేతికి ఇవ్వబడును."

"స్తోత్రం" అంది వెనకనుంచి కృపమ్మ, అలవాటు కొద్దీ.

"అది పైనున్నదండి. కిందది చదవండి" అన్నాడు తోమా.

సమూయేలు గారు కాయితం కళ్ళకు ఆనించుకున్నారు. "మూడు షరతులున్నాయి బ్రదర్. మూడు మాసముల వరకు ఖాతా మూయరాదు. మూసినయెడల నాలుగు దినార్లు తగ్గించుకొందురు. నిలవ ఐదు దినార్లకు తగ్గరాదు. అంతే."

"డ్రాఫ్టు తీసుకోవచ్చాండి?"

"తీసుకోవచ్చు. దాని విషయమై నిషేధమేమీ లేదు."

"ఇంకోసారి చదవండి."

ఆయన ఇంకోసారి చదివారు. తోమా మూడోసారి కూడా చదివించాడు. ప్రతి షరతుకూ ఒక వేలు ముడుచుకున్నాడు. చదవడం అయిపోయాక సమూయేలు గారు కళ్ళజోడు తీసి, మామూలు గొంతుతో అడిగారు.

"అది సరేగానీ, ఆ బ్యాంకులో పని చేస్తూ ఈ బ్యాంకుకు మనుషుల్ని తోలుకెళ్తే, నిన్ను ఉంచుతారా తోమా?"

తోమా మూడు వేళ్ళూ అలాగే ముడుచుకుని ఉండిపోయాడు.

సోమవారం తెల్లవారి ఆరింటికి క్యాంపుకు వెళ్ళాడు. ఎండలకు తాళలేక కంపెనీ వాళ్ళు కాంక్రీటు రాత్రిళ్ళే పోయిస్తున్నారు. అప్పుడే దిగినవాళ్ళు కుళాయి చుట్టూ చేరి గమ్‌బూట్లు కడుక్కుంటున్నారు. బూట్ల మడమల్లో గట్టిపడిన సిమెంటును చెంచాలతో గీకుతున్నారు. లచ్చన్న అందరికన్నా పెద్దవాడు. తోమాను చూసి చెంచా పైకెత్తాడు.

"అగో, ఐదు దినార్ల సేటొచ్చిండు! జరుగుండ్రి, జాగియ్యిండ్రి!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేకపోవడం తోమాకు మరీ కష్టంగా తోచింది. దారిలో కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, కవరు తీసి చూపించాడు.

"నాకొచ్చిందిరా. నా ఒక్కడికే. మీకందరికీ చెప్పిందేమో నేను. కింద రాసింది చదివించకుండా చెప్పాను. తప్పు నాదే."

కుళాయి ఒకటే పారుతోంది. ఎవరో దాన్ని కట్టేశారు.

"నీది నిలవున్నది, వచ్చింది" అన్నాడు ముత్తన్న. "మాది ఇంటికి తోలినం, రాలే. గిండ్ల నువ్వు జేసిందేమున్నదే?"

"నాకైతే మొదటి దినమే అనుమానమొచ్చింది" అన్నాడు లచ్చన్న. "ఈ దేశమొచ్చి ఆరేండ్లాయె, ఉత్తగ రూపాయి ఇచ్చినోన్ని సూడలే. అయినా అందరు పోతుంటే నేను గూడ పోయిన."

మళ్ళీ నవ్వులు. తోమా రంగుకాయితం తీసి, సమూయేలు గారు చెప్పింది చెప్పినట్టు, ఒక్కో షరతుకూ ఒక్కో వేలు ముడుస్తూ వివరించాడు. ఈసారి ప్రశ్నలొచ్చాయి. మూడు నెలల్లో ఊరికి పోవలసివస్తే? పాసుబుక్కు పోగొట్టుకుంటే? వేలిముద్ర వేసేవాళ్ళకూ ఇస్తారా? దేనికి జవాబు తెలియకపోయినా తోమా "కనుక్కుంటాను" అన్నాడుగానీ తెలిసినట్టు చెప్పలేదు. ఆ రోజే టీకీ టీకీ మధ్య రోడ్డు దాటి కనుక్కుని, సాయంత్రం వచ్చి చెప్పాడు. బుధవారం పొద్దున వెళ్దామని ఖాయమైంది.

"నువ్వు గూడ ఒస్తవు గదన్నా?" అన్నాడు ముత్తన్న.

"నేనక్కడ పని చేస్తున్నాను ముత్తన్నా."

ముత్తన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "నిజమే. ఐతే రాకు. మమ్ముల సూసినా, ఎరుక లేనట్టే ఉండు. మేమేమనుకోం."

ఆ మాట పట్టుకునే ఆ రాత్రి తోమా సరిగ్గా నిద్రపోలేదు. ఎరుక లేనట్టు ఉండమన్నాడు. అంటే ఎదురుగా నిలబడి మొహం పక్కకు తిప్పుకోవడమే. మంగళవారం అన్నం తింటూ ఎస్తేరుతో ఆ మాట చెప్పాడు.

"తిప్పుకోగలవా?" అంది ఆవిడ.

"లేను."

"మరింకేటి ఆలోచన? పనిపోతే హోటల్లో గిన్నెలు కడగటానికి మనిషి కావాలంటున్నారు. నువ్వు గ్లాసులు బాగా కడుగుతావు కూడానూ" అని అతని కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

బుధవారం ఎనిమిదిన్నరకు ముప్ఫై ఎనిమిది మందీ గోడ నీడ పట్టుకుని నయీమ్ నుంచి నడిచి వచ్చారు. తలుపును ఈసారి ముత్తన్న బయటనుంచి సరిగ్గానే లాగాడు. మూడో కౌంటరు ముందు మొదలైన వరస పోస్టరును చుట్టి, నీళ్ళ కూజా దాటి, తలుపు దాకా పోయింది. అందరి చేతుల్లోనూ పాసుబుక్కులు.

"ఏమిటిది?" అన్నాడు సోమేశ్వరరావు.

"ఖాతా బంద్ జెయ్యుండ్రి సారు."

"నీదేనా?"

"నాది. ఎన్కకున్నోళ్ళది గూడ."

సోమేశ్వరరావు లేచి నిలబడి వరస చివరి దాకా చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. మొదటి ఫారం మీద కలం పెట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది.

తోమా వంటగది గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్నాడు. స్టవ్ మీద టీ మరుగుతోంది. ఖాతాదారు ఎవరొచ్చినా టీ ఇవ్వాలని పెద్దసారు యూసుఫ్ పెట్టిన నియమం. కుర్చీల్లో కూర్చునే షేకులకు, దుకాణదారులకు రోజూ ఇస్తూనే ఉన్నాడు. నిలబడే వాళ్ళకు ఇవ్వొద్దని ఎవరూ అనలేదు, ఇమ్మనీ అనలేదు. తోమా ఇంకో గిన్నె నీళ్ళు పోశాడు. ఉన్నవి రెండు డజన్ల గ్లాసులు. మొదటి వాళ్ళకు ఇచ్చి, తాగినవి తెచ్చి, కడిగి, తుడిచి మళ్ళీ నింపాడు. లచ్చన్న గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, "ఖాతా తెరిచిననాడు ఇయ్యలే గదనే, బంద్ జేసిననాడు ఇస్తున్నవు!" అన్నాడు. వరసంతా గొల్లుమంది.

పెద్దసారు తన గదిలోంచి వచ్చాడు. బహ్రైనీ మనిషి, ఒడ్డూ పొడవూ ఉన్నవాడు. తొమ్మిది దాటినా తన టీ రాకపోవడంతో వెతుక్కుంటూ వచ్చాడు. హిందీలో అడిగాడు.

"తోమా, నా టీ ఏది? వీళ్ళంతా ఎవరు?"

"కస్టమర్లు సాబ్."

సోమేశ్వరరావు గబగబా వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. పెద్దసారు విని, పోస్టరు దగ్గరికి వెళ్ళి, తెల్లని పొడుగు అంగీని, తోబును, మడమల మీదుగా ఎత్తి పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించి ఆ చివరి వరస చదివాడు. లేచేటప్పుడు ఆయన మోకాళ్ళు రెండూ టకటకమన్నాయి. వరసలో ఎవరూ నవ్వలేదు.

"ఇది హెడ్డాఫీసు అచ్చువేసింది. నా చేతిలో లేదు" అన్నాడు, ఎవరితోనని కాకుండా. తర్వాత అడిగాడు. "వీళ్ళను వెళ్ళిపొమ్మని చెప్పింది ఎవరు?"

సోమేశ్వరరావు తన గడియారం వైపు చూసుకున్నాడు. ముత్తన్న నేల వైపు చూశాడు. తోమా ట్రేను బల్ల మీద పెట్టాడు.

"నేనే సాబ్. చేరమని చెప్పిందీ నేనే, వెళ్దామని చెప్పిందీ నేనే."

చేతులు తుడుచుకుని, చొక్కా జేబులోంచి తన పాసుబుక్కు తీసి, వరస వెంట నడుచుకుంటూ వెళ్ళి తలుపు దగ్గర చిట్టచివర నిలబడ్డాడు. నోట్లు లెక్కపెడుతున్న క్యాషియరు కూడా ఆగి చూశాడు.

"నీదీనా?" అన్నాడు పెద్దసారు. "ఇక్కడ పని చేస్తూ?"

తోమా పాసుబుక్కు ముందుకు చాపి చూపించాడు.

"టీ ఇవ్వడం నా డ్యూటీ సాబ్. ఖాతా నాది."

పెద్దసారు అతని వంక ఒకసారి చూశాడు. తన గది వైపు తిరిగాడు. తలుపు మూసుకోబోతూ ఆగి, "నా టీ మాత్రం మర్చిపోకు" అన్నాడు.

పెద్దసారుకు టీ ఇచ్చి వచ్చిన తోమాతో సహా, పదకొండింటికల్లా అందరూ రోడ్డు దాటారు. ఎదుటి బ్యాంకులో ఫారాలు నింపేసరికి పన్నెండు కొట్టింది. నాలుగేసి దినార్లు చేతికొచ్చాయి. కొందరు నోటును ఎండకు ఎత్తి చూశారు. ముత్తన్న తన నోట్లను ముందుజేబులో పెట్టుకుని, అక్కడ తృప్తి లేక వెనకజేబులోకి మార్చి, మళ్ళీ ముందుజేబులోకే తెచ్చాడు. సందు మొదట్లో ఉన్న కోల్డ్ స్టోరు ముందు తోమా అందరినీ ఆపి, కవరులోని ఐదు దినార్లు దుకాణదారు ముందు పెట్టాడు. "ఆ ఐదూ ఇంట్లోకి రానియ్యకు, అందరి గొంతులోనూ పొయ్యి" అని ఎస్తేరు పొద్దున్నే చెప్పి పంపింది. ముప్ఫై తొమ్మిది విమ్టో కూల్‌డ్రింకు సీసాల మూతలు ఎగిరాయి. మిగిలిన చిల్లరకు బిస్కట్లొచ్చాయి. లచ్చన్న ఎర్రబడిన నాలుక బయటపెట్టి అందరికీ చూపించాడు.

ఆ మర్నాడు గురువారం పెద్దసారు హెడ్డాఫీసుకు వెళ్ళాడు, రాలేదు. శుక్రవారం సెలవు. శనివారం పొద్దున తోమా ఎందుకైనా మంచిదని వంటగదిలో తన సొంత వస్తువులు, ఒక తువ్వాలు, ఒక దువ్వెన, సంచిలో సర్దిపెట్టుకున్నాడు. సోమేశ్వరరావు పలకరించలేదు. తొమ్మిదింబావుకు పెద్దసారు గది గంట మోగింది.

తోమా టీ తీసుకుని వెళ్ళాడు. పెద్దసారు గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు.

"ఒక్కరోజు ముప్ఫై తొమ్మిది ఖాతాలు ఎలా పోయాయని అడిగారు. గంటసేపు నిలబెట్టి మాట్లాడారు" అన్నాడు. "ఆ వరస నేనే వాళ్ళకు చదివి వినిపించాను. కూలివాడు ఇంటికి డబ్బు పంపకుండా ఎలా ఉంటాడు, అది చూడకుండా ఎవరు రాశారు అని అడిగాను. చివరికి తీసేస్తామన్నారు. ఇకనుంచి నిలవతో పని లేదు. నీ వాళ్ళందరికీ ఐదు దినార్లు ఇస్తారు. వెళ్ళి పిలుచుకురా. ఇవాళే."

ఆ సంతోషంలో తోమాకు "అలాగే సాబ్" అని నోటిదాకా వచ్చింది. అతను దాన్ని ఆపుకున్నాడు.

"కుదరదు సాబ్."

"ఏం? ఎదుటివాళ్ళు ఇచ్చింది నాలుగే కదా?"

"మూడు నెలలు ఖాతా కదపబోమని అక్కడ ఒప్పుకుని వచ్చాం సాబ్. వాళ్ళు అడిగింది అంతా మొదటే చదివి వినిపించారు. మేం సరేనన్నాం."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. తోమా ఇంకో మాట కలిపాడు, భయం భయంగానే.

"మూడు నెలలయ్యాక అడగండి సాబ్. మీరిచ్చే కాయితం మొత్తం చదివించుకుంటాం. బాగుంటే అందరం వస్తాం."

ఆయన మొహం ఒక్క నిమిషం గంభీరంగానే ఉంది. తర్వాత మీసం కింద నుంచి మొదలై నవ్వు పెద్దదైంది. బల్ల మీది డైరీ లాక్కుని, పుటలు తిప్పుకుంటూ సెప్టెంబరు దాకా వెళ్ళి, ఖాళీగా ఉన్న ఒక రోజు మీద వేలు పెట్టాడు.

"పొద్దున పదింటికి. ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడుకుందాం. మీ చదివే మనిషిని కూడా తీసుకురా." కలం మూత తీసి ఆగాడు. "నీ పూర్తి పేరేమిటి?"

తోమా ఆ బ్యాంకులో చేరి ఐదేళ్ళు.

"గెడ్డం తోమా, సాబ్."

పెద్దసారు దాన్ని రెండుసార్లు పలికి చూసుకుని, అరబ్బీ అక్షరాల్లో, కుడినుంచి ఎడమకు, నెమ్మదిగా రాశాడు. రాయడం అయ్యేదాకా తోమా కదలకుండా నిలబడ్డాడు. ఆ తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా చేరవేసి, పదిన్నర టీకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు.